యొప్పే రేవు – సముద్రపు దరినున్న ఇల్లు

బైబిలు పాఠము
చదువవలసిన భాగములు: యోనా 1:1–3, అపొ. కార్యములు 9:32–43, 10:1–48
కంఠస్థ వాక్యము: అపొ. కార్యములు 10:34, 35



పరిశుద్ధ దేశమునకు పోయి వచ్చినవారిని ఏమి చూచితిరని అడిగినచో బేత్లెహేము, యెరూషలేము, గలిలయ సముద్రము అని చెప్పుదురు. యొప్పే పేరు చెప్పువారు తక్కువ. యాత్రికుల బస్సులు అక్కడ గంటసేపు ఆగి సాగిపోవును. అయినను ఆ చిన్న రేవు పట్టణము మన పల్లెటూరి సంఘములకు చెప్పు మాట ఒకటి కలదు. 2019 ఫిబ్రవరిలో ఒక యాత్రికుల గుంపుతో నేను ఆ దేశమునకు పోయినప్పుడు యొప్పేలో ఒక దినము గడిపితిని. అక్కడ నేను చూచినదియు, దానివలన నాకు కలిగిన సిగ్గును, ఆదరణయు ఈ పాఠములో వ్రాయుచున్నాను. బైబిలు దగ్గర పెట్టుకొని, వాక్యభాగములు తీసి చూచుకొనుచు చదువుడి.

1. ఆ పట్టణము ఎట్టిది?

యొప్పే మధ్యధరా సముద్రపు తూర్పు ఒడ్డున, చిన్న కొండమీద కట్టబడిన మిక్కిలి పురాతనమైన పట్టణము. నేడు దానిని యాఫో అనియు జాఫా అనియు పిలుతురు. దాని ప్రక్కనే ఇసుక దిబ్బలమీద 1909లో ఆరంభమైన టెల్ అవీవ్ అను నూతన నగరము పెరిగి పెద్దదై, 1950లో ఈ రెండును ఒకే పట్టణముగా కలుపబడెను. కొండమీద నిలిచి ఉత్తరమునకు చూచినచో ఆ నూతన నగరపు ఎత్తయిన మేడలు ఒడ్డు పొడవునను కనబడును. కాళ్లక్రింద మాత్రము పాతకాలపు రాతి ఇండ్లు, ఇద్దరు ప్రక్కప్రక్కన నడచుటకు చాలని సందులు.

సొలొమోను మందిరము కట్టించునప్పుడు లెబానోను మ్రానులను తెప్పలుగా కట్టి సముద్రముమీద ఈ రేవునకే తెచ్చిరి (2 దిన. 2:16). చెరనుండి తిరిగి వచ్చినవారు రెండవ మందిరము కట్టునప్పుడును ఆలాగే జరిగెను (ఎజ్రా 3:7). ఇది పేరు పొందిన రేవేగాని మంచి రేవు కాదు. ఒడ్డుకు ఎదురుగా నీళ్లలో రాళ్ల వరుస యున్నది. ఉత్తరపు గాలి వీచినప్పుడు ఇక్కడ ఓడలకు ప్రమాదమని మొదటి శతాబ్దపు యూదా చరిత్రకారుడైన జోసీఫసు వ్రాసెను. నూరేండ్ల క్రిందట వచ్చిన యాత్రికులు సహితము పెద్ద ఓడను దూరమున విడిచి, పడవలలో ఆ రాళ్ల నడుమగా ఒడ్డుకు చేరవలసియుండెను. 1965లో దక్షిణమున అష్డోదునొద్ద నూతన రేవు తెరచినప్పుడు, ఇక్కడ సరకు ఓడల రాకపోకలు నిలిచిపోయెను. ఇప్పుడు అక్కడ చేపల పడవలును, విహారపు పడవలును, పాత గిడ్డంగులలో పెట్టిన భోజనశాలలును ఉన్నవి.

ఆ పట్టణము దుఃఖము ఎరుగని పట్టణము కాదు. 1799లో నెపోలియను సైన్యము దానిని పట్టుకొని అనేకులను చంపెను. 1948 యుద్ధములో అక్కడి అరబ్బు ప్రజలలో అత్యధికులు తమ ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. నేడు యూదులు, ముస్లిములు, క్రైస్తవులు అవే వీధులలో కాపురముండుచున్నారు. జనమునకు జనమునకు మధ్యనుండు గోడను గూర్చి పేతురు పాఠము నేర్చుకొన్న ఊరిలో, ఆ గోడ సంగతి నేటికిని పాతబడలేదు.

2. అక్కడ ప్రయాణము ఎట్లు?

మన సంఘములలో ఎవరైనను పోదలచినచో వారికి ఉపయోగపడునని కొన్ని సంగతులు చెప్పెదను.

ఆ దేశపు పెద్ద విమానాశ్రయము లోద్ అను ఊరి దగ్గర నున్నది. లోద్ అనగా మన బైబిలులోని లుద్దయే. పక్షవాయువుగల ఐనెయ లేచి తన పరుపు సరిచేసికొన్న ఊరు. అనగా విమానము దిగిన యాత్రికుడు తనకు తెలియకుండగనే అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయములో అడుగుపెట్టుచున్నాడు. అక్కడనుండి యొప్పే సుమారు 18 కిలోమీటర్లు. విమానాశ్రయమునుండి రైలు టెల్ అవీవునకు పోవును. 2023 ఆగస్టులో ఆరంభమైన ట్రాము మార్గము ఒకటి యొప్పే వీధులగుండ దక్షిణమునకు పోవుచున్నది. బస్సునకు, ట్రామునకు, రైలునకు ఒకే కార్డు చెల్లును.

టెల్ అవీవునుండి యెరూషలేమునకు వేగముగా పోవు రైలు 2019 డిసెంబరునుండి నడుచుచున్నది. ముప్పావు గంటలోపుగా చేరవచ్చును. ఆ దేశములో మొట్టమొదటి రైలు మార్గము కూడ యొప్పేనుండి యెరూషలేమునకు వేసినదే. అది 1892లో తెరువబడెను. దాని పాత స్టేషను కట్టడములను బాగుచేసి, వాటిలో దుకాణములు పెట్టియున్నారు.

ముఖ్యముగా ఒకటి మరువరాదు. శుక్రవారము ప్రొద్దు క్రుంకకమునుపే రైళ్లును, ట్రామును, చాల బస్సులును నిలిచిపోవును. శనివారము చీకటి పడినగాని తిరిగి నడువవు. ఇది తెలియక విమానాశ్రయములో చిక్కుకొనువారు కలరు. ఇంకొక మాట. 2023 అక్టోబరులో అక్కడ యుద్ధము మొదలైనప్పుడు యాత్రలెన్నో నిలిచిపోయెను. కనుక పోవువారు డబ్బు కట్టకమునుపే మన విదేశాంగ శాఖవారి సూచనలు విచారించుకొనవలెను.

నేను యొప్పేకు పోయినది శనివారము. మా గుంపునకు ఆ దినము విశ్రాంతి. మా గుంపులోని ఒక తల్లికి చుట్టమైన సహోదరి, నిజామాబాదు జిల్లానుండి వెళ్లి టెల్ అవీవులో ఒక వృద్ధురాలిని కనిపెట్టుకొనియుండు పనిలో ఉన్నది. అక్కడ ఇట్టి పని చేయు మన తెలుగువారు అనేకులు కలరు. ఆ దినము ఆమెకు సెలవు. “అయ్యగారూ, శనివారం ఇక్కడ బస్సులు బంద్. షేరూట్ల పోదాం రండి” అని నన్ను పిలుచుకొని పోయెను. షేరూట్ అనగా పదిమంది ఎక్కు చిన్న వ్యాను, మన షేర్ ఆటో వంటిది. వెనుక కూర్చున్నవారు డబ్బును ముందువారి చేతికిత్తురు. అది చేయి చేయి మారి డ్రైవరునకు చేరును. చిల్లర ఆలాగే వెనుకకు వచ్చును. ఎవరు యూదుడు, ఎవరు అరబ్బు, ఎవరు మనవంటి పరదేశి అని చూడక అందరును అందించిరి. తరువాత సముద్రపు ఒడ్డున నడచి యొప్పే చేరితిమి.

దారిలో ఆమె తన పని సంగతి చెప్పెను. “ముసలమ్మకు స్నానం పోయాలె, బట్టలు మార్చాలె, అన్నీ ఎత్తిపొయ్యాలె. మా ఊళ్లె మాత్రం ఆస్పత్రిల పని అని చెప్పిన” అనెను. నేను నవ్వి ఊరకుంటిని. ఆ మాట నన్ను ఎట్లు పట్టుకొనునో అప్పుడు నాకు తెలియలేదు.

3. యోనా ఇచ్చిన కేవు

రేవులో నిలిచి మేము మొదట యోనా గ్రంథము చదివితిమి. యోనా గత్‌హేపెరు వాడు (2 రాజులు 14:25). అది నజరేతునకు దగ్గరనున్న గ్రామము. అక్కడనుండి యొప్పేకు 90 కిలోమీటర్లకు పైగా ఉండును. దేవుడు పొమ్మన్న నీనెవె ఈశాన్య దిక్కున, మెట్టదారిన పోవలసిన పట్టణము. దానికి ఓడ అక్కరలేదు. అయినను యోనా అంత దూరము దక్షిణమునకు నడచి వచ్చి, కేవు ఇచ్చి, పడమటికి పోవు ఓడ ఎక్కెను.

గమనించుడి: దేవుని యెదుటనుండి పారిపోవువానికి త్రోవ దొరకకపోలేదు. ఓడ సిద్ధముగా నుండెను. చేతిలో డబ్బుండెను. త్రోవ సుళువుగా దొరికినది గనుక ఇది దేవుని చిత్తమని మనము తరచుగా చెప్పుకొందుము. యోనాకు కూడ ఆ దినమున అన్నియు సుళువుగానే కుదిరెను. అతడు పారిపోయినది సోమరితనమువలన కాదు. నీనెవెవారిమీద దేవుడు జాలిపడునేమో యని అతడు భయపడెను (యోనా 4:2). తాను హీనముగా చూచువారిని దేవుడు ప్రేమించుట అతనికి ఇష్టము లేదు.

4. చర్మకారుని ఇల్లు

రేవునుండి పైకి ఎక్కినచో పేతురు పేరిట ఫ్రాన్సిస్కను గురువుల ఆలయము ఒకటి కలదు. దక్షిణమున దీపస్తంభము దగ్గర ఇరుకు సందులో ఒక పాత ఇంటి తలుపు చూపి, సీమోను ఇల్లు ఇక్కడనే యని పరంపరగా చెప్పుదురు. అందులో కుటుంబము నివసించుటచేత లోపలికి పోనియ్యరు. బయట నిలిచి చూడవలసినదే. ఇల్లు ఇదియే కానిండు, కాకపోనిండు. అది సముద్రపు దరిని ఉండెనని వాక్యమే చెప్పుచున్నది.

సముద్రపు దరిని ఏల? తోలు పనికి నీళ్లు విస్తారముగా కావలెను. పచ్చి తోళ్లను నానబెట్టి, సున్నములో వేసి, వెండ్రుకలు గీకి, తిరిగి కడుగవలెను. ఆ వాసన ఊరివారు ఓర్వలేరు. సుమారు క్రీ.శ. 200లో కూర్చబడిన మిష్నా అను యూదుల ధర్మశాస్త్ర గ్రంథములో, తోళ్లు ఊను స్థలము ఊరికి 50 మూరల దూరమున, అదియు తూర్పు దిక్కుననే ఉండవలెనను నియమము కలదు. చచ్చిన పశువును ముట్టినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడని లేవీయకాండము 11:39 చెప్పుచున్నది. ఆ పనిలో ప్రతి దినమును అదే కదా! ఊరికి వెలుపల ఇల్లు, అంటుగల పని, ముక్కు మూసికొని దాటిపోవు జనము. ఇది మన ఊళ్లవారికి వివరించి చెప్పవలసిన పనిలేదు.

అట్టి ఇంటిలో పేతురు బహుదినములు ఉండెను. తబితాను బ్రదికించిన తరువాత పట్టణమంతయు అతనిని ఎరుగును. గొప్ప ఇండ్లవారు పిలువకపోరు. అయినను అతడు నిలిచినది చర్మకారుని యొద్ద. దుప్పటివంటి దర్శనము అతనికి వచ్చినది ఆ మేడమీదనే. పవిత్రమైనది ఏది, అపవిత్రమైనది ఏది అను పాఠము ఆకాశమునుండి రాకమునుపే ఆ ఇంటి భోజనపు పీటయొద్ద మొదలైనదని నేను తలంచుచున్నాను.

ఇప్పుడు నేను ముఖ్యమని యెంచు సంగతి. అపొ. కార్యములు 9:43, 10:6, 10:32 చూడుడి. మూడు తావులందును సీమోను పేరుతోకూడ అతని పని చెప్పబడెను. పదవ అధ్యాయములో దూత కొర్నేలీకి చిరునామా చెప్పుచు, ఆ మనుష్యుని పేరు, అతని వృత్తి, అతని ఇల్లున్న చోటు చెప్పెను. పరలోకమునుండి వచ్చిన దూత రోమా శతాధిపతి యెదుట ఆ పని పేరు పలుకుటకు సిగ్గుపడలేదు. సముద్రపు దరి ఇల్లు అని మాత్రము చెప్పి ఊరకుండవచ్చును గదా? దేవుని నోట అది నింద కాదు, చిరునామా.

ప్రియులారా, ఆ సందులో నిలిచి ఈ వాక్యములు పైకి చదువుచుండగా నా గొంతు పట్టుకొనిపోయెను. మా తాతగారు మాదిగ పల్లెలో లంద పని చేసినవారు. తంగేడు చెక్క దంచి, తొట్లలో తోళ్లు ఊని, ఊరి రైతులకు మోట తోళ్లును చెప్పులును కుట్టి ఇచ్చినవారు. మా నాయనగారును చెప్పులు కుట్టి, కూలిపని చేసి నన్ను చదివించిరి. నేను సెమినరీలో చేరిన మొదటి వారమున తోడి విద్యార్థులు “మీ నాన్నగారు ఏం చేస్తారు?” అని అడుగగా “వ్యవసాయం” అని చెప్పితిని. మరుసటి నెలలో మా నాయనగారు నన్ను చూడవచ్చి, తన చేత కుట్టిన క్రొత్త చెప్పుల జత ఇచ్చి పోయిరి. నేను వాటిని పెట్టె అడుగున పెట్టి, దుకాణములో కొన్న బూట్లు తొడుగుకొని తరగతికి పోతిని. ఆయన 2011లో ప్రభువునొద్దకు పోయిరి. ఆ చెప్పులు నేను ఒక్కనాడును ఆయన యెదుట తొడుగలేదు.

దూత పలికిన మాటను నేను దాచితిని. నేనును కేవు ఇచ్చి ఓడ ఎక్కినవాడనే. ఆ సహోదరితో నా సంగతి చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “అయితే నేను గూడ మా ఇంటికి ఫోన్ చేసి చెప్త అయ్యగారూ, ఏం పని చేస్తున్ననో” అనెను.

1878 జూలై 3న గుండ్లకమ్మ యేటియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినట్లు మన సంఘముల చరిత్రలో చదువుచున్నాము. ఆ దినములలో ఒంగోలు ప్రాంతమున సంఘములో చేరినవారిలో ఎక్కువమంది తోలు పనివారి కుటుంబములవారే. దేవుడు సీమోను చిరునామా మరచిపోలేదు.

5. యొప్పేనుండి కైసరయకు

కైసరయ యొప్పేకు ఉత్తరమున 50 కిలోమీటర్లకు పైగా ఉన్నది. హేరోదు రాజు క్రీ.పూ. 22వ సంవత్సరము మొదలుకొని, సముద్రములో సున్నపు కాంక్రీటు దిమ్మెలు దింపి అక్కడ గొప్ప రేవు కట్టించెను. పిలాతు పేరు చెక్కబడిన రాయి 1961లో అక్కడి నాటకశాలలో దొరికెను. నేడు టెల్ అవీవునుండి ఉత్తరపు రైలెక్కి, బిన్యామీనా స్టేషనులో దిగి, టాక్సీ చేసికొని పోవచ్చును. మా గుంపు మరుసటి దినమున బస్సులో పోయి, గంటలో చేరెను.

పేతురు కాలములో అది రెండు దినముల నడక. లెక్క చూడుడి. మొదటి దినము మధ్యాహ్నము మూడు గంటలకు కొర్నేలీకి దర్శనము. రెండవ దినము మధ్యాహ్నమునకు అతని మనుష్యులు యొప్పే చేరిరి. ఆ రాత్రి పేతురు వారిని లోపలికి పిలిచి ఆతిథ్యమిచ్చెను. అన్యజనుల ఇంటికి పేతురు పోకమునుపే, అన్యుడైన రోమా సైనికుడొకడు చర్మకారుని ఇంట పండుకొనెను! మూడవ దినము ఆరుగురు సహోదరులతో బయలుదేరి (11:12), నాలుగవ దినమున కైసరయ చేరెను.

ఒకే రేవు పట్టణము, ఇద్దరు దైవసేవకులు. అన్యజనులయొద్దకు పొమ్మన్నప్పుడు యోనా ఇక్కడ ఓడ ఎక్కెను, పేతురు ఇక్కడనుండి నడచిపోయెను. పేతురునకును సందేహము లేకపోలేదు. దర్శనములో కూడదని మొదట చెప్పెను. అదే మాట ముమ్మారు వినవలసివచ్చెను. అయినను మెట్లు దిగెను. తరువాత యెరూషలేములో అతనిమీద వచ్చిన నేరము అన్యులకు బోధించెనని కాదు. వారితో కలిసి భోజనము చేసెనని (11:3). బోధకు ఓర్చుకొను సంఘము పంక్తి భోజనమునకు ఓర్చుకొనదు. ఇది నేటి మాటయు కాదా?

6. మన ఊరి దారి

మా సంఘములో రెండు పల్లెలవారు కలరు. మాలపల్లెకు మాదిగపల్లెకు మధ్య రెండు ఫర్లాంగులు కూడ లేవు. ఒకే గుడిలో ఆరాధింతుము, ఒకే రొట్టె విరుతుము. గుడి బయటికి వచ్చినంతనే రెండు దారులు. నేనును ఎదుటి పల్లెలో గృహదర్శనమునకు పోయినప్పుడు “ఇప్పుడే తిని వచ్చాను” అని చెప్పి, ప్రార్థించి లేచి వచ్చుచుంటిని. వారికి ఇబ్బంది కలుగకూడదని నాకు నేను చెప్పుకొంటిని. నిజము అది కాదు. అడుగకుండ ఉన్నచో లేదనిపించుకొను బాధ ఉండదని నేనే దూరముగా నిలిచితిని.

తిరిగి వచ్చిన తరువాత రెండవ ఆదివారమున మా నాయనగారు కుట్టిన చెప్పులు తొడుగుకొని గుడికి పోయి, గుమ్మమునొద్ద విడిచి, ఈ పాఠమే చెప్పి, నా అబద్ధమును ఒప్పుకొంటిని. కూడిక విడిచిన తరువాత ఎదుటి పల్లె పెద్ద ఒకరు నా చేయి పట్టుకొని “అయ్యగారూ, ఈ పూట మా ఇంట్లో భోంచేసి పోవాలి” అనిరి. చింతకాయ పచ్చడి, పప్పు. వారి కుటుంబముతో కలిసి కూర్చుండి తింటిని. ఆ నెలలోనే వారు మా ఇంటికి వచ్చి తినిరి.

అంతటితో అన్నియు తీరినవని నేను వ్రాయను. పెండ్లి పంక్తులు ఇంకను వేరుగానే నడుచుచున్నవి. నొచ్చుకొని రెండు వారములు గుడికి రానివారును రెండు పల్లెలలో ఉన్నారు. కైసరయకు రెండు దినములు పట్టెను. మా రెండు ఫర్లాంగులకు ఎంత కాలము పట్టునో ప్రభువునకు తెలియును. నడక మాత్రము మొదలైనది.

సహోదరులారా, మనలో అందరును యొప్పేకు పోలేరు. దానికి డబ్బు కావలెను, ఆ దేశమున నెమ్మది కావలెను. ఎదుటి పల్లెకు పోవుటకు ఏ టిక్కెట్టు కావలెను? పరిశుద్ధ దేశమునుండి మన్ను, నీళ్లు, ఒలీవ కొయ్య సిలువలు తెచ్చుకొందుము. నేను తెచ్చుకొన్నది ఒక చిరునామా. అది మా ఇంటిదే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. దేవుని దూత సీమోను వృత్తిని ఏల చెప్పియుండును? నా కుటుంబమును గూర్చి నేను దాచు మాట ఏదైనను కలదా?
2. యోనాకు అన్నియు అనుకూలముగా దొరికెను. అనుకూలముగా దొరికిన త్రోవ అంతయు దేవుని చిత్తమేనా?
3. గత సంవత్సరములో ఎదుటి పల్లెవారి ఇంట ఎన్నిసార్లు భోజనము చేసితిని? వారు మా ఇంట ఎన్నిసార్లు చేసిరి?

ప్రార్థన

ప్రభువా, చర్మకారుని ఇల్లు ఎరిగిన దేవా, మా ఇండ్లను నీవు ఎరుగుదువు. నీవు సిగ్గుపడని దానినిగూర్చి మేము సిగ్గుపడితిమి; మమ్మును క్షమించుము. నీవు పొమ్మన్న దారిన లేచి పోవుటకు మా కాళ్లకు బలమిమ్ము. మా పల్లెల మధ్యనున్న త్రోవలో మాతోకూడ నడువుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.